నవ్వుతూ విదిలించుకోవాలా?

పోయిన చలికాలం, ఒక ఆదివారం మధ్యాహ్నం. నెవార్క్ ఎవెన్యూలో కూరగాయలు, కరివేపాకు కొనుక్కుని, డాన్సు క్లాసు నుంచి మా అమ్మాయిని తీసుకుని ఇంటికి నడుస్తున్నాను. దానికి పన్నెండేళ్ళు. కాసేపు ఏమీ మాట్లాడకుండా నడిచి, "అమ్మా, ఒకటి అడగనా?" అంది.

"అడుగు."

"పాటలో ఆ అమ్మాయి చెయ్యి వదలమంటోంది కదా. టీచర్ గారేమో చెయ్యి విదిలించుకునేటప్పుడు నవ్వమంటున్నారు. నిజంగా వదలమనేవాళ్ళు నవ్వుతారా?"

కృష్ణుడు దారికి అడ్డం వచ్చి గొల్లపిల్ల చెయ్యి పట్టుకునే పాట అది. ఏ పాటో చెప్పను. చెప్పక్కర్లేదు కూడా, అలాంటివి మనకి లెక్కలేనన్ని. "అది సిగ్గమ్మా. అలా వదలమన్నా ఆవిడకి ఇష్టమేలే" అన్నాను. అనేశాక నాకే ఏదోలా అనిపించింది. అది ఊరుకోలేదు. "ఇష్టమని ఎలా తెలిసింది? హెల్త్ క్లాసులో అలా అనుకోకూడదని చెప్పారు. అడగాలిట." ఫుట్‌పాత్ మీద మంచు గట్టిపడి ఉంది. జారతావు, చూసి నడువు అని మాట మార్చేశాను.

మాట మార్చడానికి నాకొక కారణం ఉంది. భీమవరంలో డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు, ఒకబ్బాయి నెల రోజులు బస్టాపులో నా వెనకాలే తిరిగి, ఒకరోజు చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చాను. ఏడుస్తూ చెబితే అమ్మ అడిగిన మొదటి మాట, "నువ్వేమైనా నవ్వావా?" అమ్మ చెడ్డది కాదు. నాకు అన్నం కలిపి పెట్టింది, మర్నాటి నుంచి తమ్ముణ్ణి తోడు పంపింది. కానీ ఆ ప్రశ్న మాత్రం ఇరవై ఏళ్ళుగా నాలో ఉండిపోయింది. నవ్వానో లేదో నాకే అనుమానం వచ్చేది. భయంతో నవ్వితే అది కూడా నవ్వు కిందే లెక్కా అని ఆలోచించేదాన్ని. ఇప్పుడు మా అమ్మాయికి నవ్వడం నేర్పించడానికి నేనే ఫీజు కడుతున్నాను.

నేను చదివింది మైక్రోబయాలజీ. సాహిత్యంలో ఓనమాలు కూడా రావు. కానీ సందేహం వస్తే మూలానికి వెళ్ళి చూడాలని ల్యాబులో నేర్పారు. మన పాత పాటల్లో ప్రేమ, ఇష్టం, బలవంతం గురించి ఎవరైనా పరిశోధన చేశారా అని వెతకడం మొదలుపెట్టాను. చలికాలమంతా అదే పనైపోయింది. "దేవుడి పాటల్లో ఇవన్నీ ఎందుకు వెతుకుతావు?" అన్నారు మావారు. నాలుగు రోజుల తర్వాత ఆయనే లాప్‌టాప్ పక్కన కూర్చుని, "తర్వాతేమైంది?" అని అడగడం మొదలుపెట్టారు.

ముందుగా అన్నమయ్య. పదిహేనో శతాబ్దపు వాగ్గేయకారుడు, మనందరికీ ఇంట్లో మనిషి లాంటివాడు. రాగిరేకుల మీద దొరికిన ఆయన పాటలు సుమారు 13,000. అందులో చాలా ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. ఇది నాకు కొత్త సంగతి. గుళ్ళో, పిల్లల పోటీల్లో మనం పాడించేవి ఎక్కువగా ఆధ్యాత్మ సంకీర్తనలు, కొన్ని లాలిపాటలు, కొన్ని పెళ్ళిపాటలు. శృంగారమంటే ఎక్కువగా అలమేలుమంగ గొంతు, లేదా ఆమె చెలికత్తెల గొంతు. అలగడం, నిలదియ్యడం, ఒప్పుకోవడం, ఒల్లననడం. ఈ "ఒల్లను" అనే మాట ఎందుకు పోగొట్టుకున్నామో తెలియదు. "నాకు ఇష్టం లేదు" అని మూడు మాటల్లో చెప్పేదాన్ని పాత తెలుగు ఒక్క మాటలో తేల్చేసింది.

అన్నమయ్య కథలోనే ఒక పెద్ద "ఒల్లను" ఉంది. ఆయన మనవడు చిన్నన్న రాసిన ద్విపద చరిత్రలో సాళువ నరసింహరాయలు ఒక శృంగార కీర్తన విని మురిసిపోయి, తన మీద కూడా అలాంటిది ఒకటి చెప్పమంటాడు. హరిని పాడిన నోటితో మనిషిని పాడనంటాడు అన్నమయ్య. రాజు సంకెళ్ళు వేయిస్తాడు. 1997లో వచ్చిన సినిమాలో ఈ ఘట్టం చూసి చప్పట్లు కొట్టనివాళ్ళు లేరు. కవి కాదంటే మనకి కాదనే వినబడింది. అదే కవి పాటలో ఆడమనిషి కాదంటే, సరసం అనుకున్నాం.

తాళ్ళపాక కవుల మీద మన విశ్వవిద్యాలయాల్లో డాక్టరేట్లు వచ్చాయి. రాగిరేకుల పాటల్ని వెలికితీసి ప్రకటించిన పనిలో ముందున్న వేటూరి ప్రభాకరశాస్త్రిగారి కుమారుడు ఆనందమూర్తిగారు ఈ కవుల సాహితీ ప్రక్రియల మీదే పరిశోధన చేశారు. అప్పటి ప్రశ్నలు వేరు. ఏ పాట ఎవరిది, ఏ ప్రక్రియ, ఏ నాయిక. ఖండిత, కలహాంతరిత, విప్రలబ్ధ అంటూ నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది రకాల నాయికల్లో ఎక్కడ ఇముడుతుంది. ఆ పునాది లేకపోతే నాలాంటివాళ్ళకి అడుగు పెట్టే చోటే ఉండదు. తర్వాతి తరంలో ప్రశ్న మారింది. ఈ పాట ఎవరు పాడారు? ఎవరు డబ్బిచ్చి పాడించుకున్నారు? పాడినామెని ఎవరైనా అడిగారా?

ఇక్కడ క్షేత్రయ్య దగ్గరికి రావాలి. కృష్ణా జిల్లా మొవ్వ, కూచిపూడి పక్కనే. పదిహేడో శతాబ్దం. ఆయన పదాల ముద్ర మువ్వగోపాల. తంజావూరు విజయరాఘవ నాయకుడి కొలువులో ఆయనకి గౌరవం జరిగింది. ఆ పదాలు దాదాపు అన్నీ ఆడవాళ్ళ గొంతులే, అందులో ఎక్కువ వేశ్యల గొంతులు. 1994లో ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి క్షేత్రయ్య మొదలైనవారి పదాలు కొన్నింటిని ఇంగ్లీషులోకి తెచ్చారు. పుస్తకం పేరు 'వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్'. దేవుడే గిరాకీగా వస్తే అని! గడప దగ్గర నిలబడ్డవాడు దేవుడైనా సరే, డబ్బు తెచ్చాడా, మాట నిలబెట్టుకున్నాడా, నిన్న రాత్రి ఎక్కడున్నాడు అని ఆమె లెక్క అడుగుతుంది. లోపలికి రమ్మనేదీ, పొమ్మనేదీ ఆమే. భక్తుడు దేవుడి కాళ్ళ మీద పడే పాటలతో పోలిస్తే ఇక్కడ పగ్గాలు ఆమె చేతిలో ఉన్నాయని ఆ రచయితల వాదన.

చదువుతుంటే సంతోషం వేసింది. మా అమ్మాయికి చెప్పడానికి ఒక జవాబు దొరికిందనుకున్నాను. అంతలో అదే పుస్తకంలో ఇంకో పదం తగిలింది.

అందులో మాట్లాడేది పెళ్ళయిన స్త్రీ. మాట్లాడుతున్నది ప్రియుడితో. నెల తప్పింది, భర్త ఊళ్ళో లేడు. ఎక్కడైనా మందో, వేరో దొరుకుతుందేమో చూడమంటోంది. నమ్మి చెప్పుకునేందుకు తనకి స్నేహితురాళ్ళు లేరు. ఆ రోజు తను ఎంత తిట్టినా అతను లెక్కచెయ్యలేదు, బలవంతం చేశాడు. ఆ మాట ఆమె అతని మొహం మీదే అంటుంది. అన్నం సహించడం లేదు, ఊళ్ళో ఆడవాళ్ళ నోళ్ళలో పడకముందే మంత్రసానుల దగ్గరికి వెళ్ళి మందు తెచ్చిపెట్టమంటుంది. చివరి చరణానికి వచ్చేసరికి అనుకోకుండా భర్త ఊడిపడ్డాడు. ఇక అపవాదు భయం లేదు. మువ్వగోపాలా, నీలాంటి కొడుకునే కంటానంటుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది భక్తి పాటా? హాస్యమా? ఫిర్యాదా? మూడూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. పాట ఆ మగవాడికి శిక్ష వెయ్యదు, ఆఖర్న ఆమె చేతే అంతా సర్దుకునేలా చేస్తుంది. అది నాకు నచ్చలేదు. కానీ జరిగినదానికి వేరే పేరు పెట్టి దాచలేదు కూడా. సరసం అనలేదు, సిగ్గు అనలేదు. మూడు వందల యాభై ఏళ్ళ క్రితం పాటలో ఒకామె, నేను వద్దన్నాను, నువ్వు వినలేదు అని చెబుతోంది. బస్టాపు రోజున నేను ఇంట్లో చెప్పలేకపోయిన వాక్యం సరిగ్గా అదే.

మన పెద్దలకి ఈ తేడా తెలియదనుకోవడం పొరపాటు. మనుస్మృతి చెప్పిన ఎనిమిది రకాల పెళ్ళిళ్ళలో ఇద్దరూ ఇష్టపడితే గాంధర్వం. అరుస్తూ ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుపోతే రాక్షసం. నిద్రలో, మత్తులో ఉన్నప్పుడు దగ్గరైతే పైశాచం, అన్నిటికన్నా నీచం. తేడా తెలిసే పేర్లు పెట్టారు. తెలిసీ రాక్షసాన్ని క్షత్రియులకి ఒప్పుకున్నారు, అది వేరే సంగతి. ఇక "మౌనం అర్ధాంగీకారం" అన్న మాట ఎవరు పుట్టించారో గానీ, మిగిలిన సగం ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పలేదు. మన సినిమా హీరోలు ఆ సగాన్ని వెంటపడి తీసుకున్నారు.

పదాల్లో వేశ్యకి ఉన్న పెత్తనం నిజమే. కానీ ఆ పదం పాడిన అసలు మనిషి సంగతేమిటి? ఆ వృత్తిలోకి వచ్చిన పిల్లల్ని చాలామందిని చిన్నతనంలోనే గుడికో, కొలువుకో అంకితం చేశారు. వాళ్ళ ఇష్టం ఎవరడిగారు? 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆ ఆచారాన్ని చట్టం నిషేధించింది. దానికోసం పోరాడినవాళ్ళలో ఆ సమాజంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం ఉన్నారు. ఇంకోపక్క, మా బతుకుతెరువు, మా కళ తీసెయ్యొద్దని ప్రభుత్వానికి విన్నవించుకున్న కళావంతుల స్త్రీలూ ఉన్నారు. రెండు వైపులా న్యాయం కనిపిస్తుంది నాకు. సంస్కరణ పేరుతో వాళ్ళ పాటల్ని వాళ్ళ నోటి నుంచి తీసేసి, ఘాటు తగ్గించి మనలాంటి ఇళ్ళ పిల్లలకి నేర్పించుకున్నామన్నది మాత్రం తలుచుకుంటే ఇబ్బందిగా ఉంటుంది.

దవేశ్ సోనేజీ అనే పరిశోధకుడు కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మన సత్యభామ పాత్ర మీదే డాక్టరేట్ చేశారు. తర్వాత గోదావరి జిల్లాల కళావంతుల ఇళ్ళకి వెళ్ళి, తలుపులు వేసుకుని ఇంట్లోనే పదాలు, జావళులు పాడుకునే పెద్దవాళ్ళని కలిశారు. 2012లో వచ్చిన ఆయన పుస్తకం 'అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్'లో వాళ్ళ జ్ఞాపకాలున్నాయి. సభ లేదు, గిరాకీ లేదు, చప్పట్లు లేవు. వాళ్ళకోసం వాళ్ళు పాడుకోవడం. హర్షిత మృత్తింటి కామత్ గారి పరిశోధన కూచిపూడి స్త్రీవేషం మీద. 2019లో పుస్తకంగా వచ్చింది, ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. సత్యభామ విరహాన్ని, అలకని తరతరాలుగా స్టేజీ మీద చూపించింది మగవాళ్ళే కదా. మన ఆడవాళ్ళ సిగ్గు ఎలా ఉండాలో కొంత అక్కడే ఖాయమై ఉంటుందని నా అనుమానం.

ఆడమనిషే రాస్తే ఎలా ఉంటుందో చూడాలంటే ముద్దుపళని. పద్దెనిమిదో శతాబ్దం, తంజావూరు, ప్రతాపసింహుడి కొలువు. 'రాధికాసాంత్వనము'లో రాధ తను పెంచిన ఇళని కృష్ణుడికిచ్చి పెళ్ళి చేస్తుంది, తర్వాత తట్టుకోలేక కుమిలిపోతుంది. లేతపిల్ల, జాగ్రత్తగా ఉండమని కృష్ణుడికి రాధ బుద్ధులు చెబుతుంది. ఇళ వయసు తలుచుకుంటే ఈ రోజున మనసు చివుక్కుమంటుంది, అయినా ఆడపిల్లకి నొప్పి ఉంటుందని గుర్తుపెట్టుకున్న కావ్యం అది. ఆఖర్న రాధ కోపం తీర్చడానికి బతిమాలుకోవలసింది కృష్ణుడే. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దీన్ని మళ్ళీ అచ్చు వేయిస్తే మరుసటి ఏడాది ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. మగవాళ్ళ కావ్యాల్లో లేని సిగ్గు ఆడవాళ్ళ కావ్యాలకే ఎందుకని ఆవిడ నిలదీసింది. ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా ఉన్నప్పుడు గానీ ఆ నిషేధం పోలేదు. తిరువయ్యారులో త్యాగయ్యగారి సమాధి మందిరం కట్టించింది కూడా ఈ నాగరత్నమ్మే. ఆరాధనోత్సవాల వీడియోలు చూసేటప్పుడు ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకోండి.

మార్చిలో ఎండ రాగానే మా అమ్మాయిని మాన్‌హట్టన్ ఉత్తరాన ఉన్న క్లాయిస్టర్స్ మ్యూజియానికి తీసుకెళ్ళాను. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి, 33వ వీధిలో దిగి, పక్క వీధిలో ఏ ట్రెయిన్ పట్టుకుంటే 190వ వీధి దాకా పోతుంది. మధ్యయుగపు యూరప్ అంతా అక్కడ గోడల మీద ఉంది. ఆ కాలంలో ఫ్రాన్సులో 'పాస్తురెల్' అనే పాటలు పాడేవారని అక్కడ బెంచీ మీద కూర్చుని దానికి చెప్పాను. గుర్రం మీద వచ్చిన యోధుడు దారిలో గొర్రెలు కాచే పిల్లని చూస్తాడు, సరసమాడతాడు, ఆమె వద్దంటుంది. కొన్నిట్లో ఆమె ఒప్పుకుంటుంది, కొన్నిట్లో తెలివిగా తప్పించుకుంటుంది. కొన్నిట్లో అతను బలవంతం చేస్తాడు. క్యాథరిన్ గ్రావ్‌డల్ అనే పరిశోధకురాలు 1991 నాటి తన పుస్తకంలో పాత ఫ్రెంచి పాస్తురెల్లని లెక్కపెట్టి, దాదాపు ఐదో వంతు పాటల్లో అత్యాచారం ఉందని చూపించింది. అంతకు ముందు వాటిని సరదా పల్లెపాటలుగానే చదివేవారు. చిత్రమేమిటంటే, పెళ్ళికి వధూవరుల సమ్మతే ప్రాణమని అక్కడి చర్చి చట్టం గట్టిగా చెప్పింది కూడా ఆ పన్నెండో శతాబ్దంలోనే. ఇక్కడికి దగ్గర్లో ఫిలడెల్ఫియా టెంపుల్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కరిస్సా హారిస్, అలాంటి పాత ఇంగ్లీషు పాటలు వినేవాళ్ళకి ఏం నేర్పాయో 2018లో పుస్తకం రాసింది. బలవంతం ఎలా చెయ్యాలో మగవాళ్ళకి నేర్పిన పాటలున్నాయి. ఎలా జాగ్రత్తపడాలో ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్న పాటలూ ఉన్నాయిట.

మా అమ్మాయికి నచ్చింది మాత్రం మార్కబ్రూ అనే కవి పాటలోని గొర్రెలు కాచే పిల్ల. యోధుడు ఎన్ని పొగడ్తలు కురిపించినా ప్రతి మాటకీ ఎదురు సమాధానం చెప్పి వాణ్ణి ఉత్త చేతుల్తో పంపేస్తుంది. "మనకి అలాంటివాళ్ళు లేరా?" అంది. ఉంది! కూచిపూడి గొల్లకలాపంలో గొల్లభామ. చల్లకుండ నెత్తిన పెట్టుకుని వచ్చి, బ్రాహ్మడితో యజ్ఞం గురించి, పిండోత్పత్తి గురించి వాదిస్తుంది. చల్ల అమ్ముకునే మనిషి కడుపులో బిడ్డ ఎలా పెరుగుతుందో సభలో చెబుతుంది. నా బయాలజీ పుస్తకాల కంటే ధైర్యంగా.

ఇంత చదివాక డాన్సు టీచర్ గారితో మాట్లాడకుండా ఉండలేకపోయాను. భయపడుతూనే వెళ్ళాను. పిల్లల తల్లులు అన్నిట్లోనూ వేలు పెడతారని ఆవిడకి విసుగున్న సంగతి నాకు తెలుసు. నేను చెప్పింది విని, మొదట కాస్త నొచ్చుకున్నారు. "అది ముగ్ధ నాయికండీ. మా గురువుగారు నాకలాగే చెప్పారు" అన్నారు. తర్వాత ఏమనుకున్నారో, చీర కొంగు బిగించి, అదే పంక్తికి మూడుసార్లు అభినయం పట్టి చూపించారు. మొదట నవ్వుతూ. రెండోసారి కోపంతో, కనుబొమలు ముడిచి. మూడోసారి చెయ్యి లాక్కుని, చుట్టూ ఎవరైనా చూస్తున్నారా అని ఒక్క చూపు. అంతే. అదే మాట, అదే రాగం. మూడోదానికి నా ఒళ్ళు జలదరించింది. బస్టాపులో నేను చూసిన చూపు అది.

బాలసరస్వతి గురించి చెప్పింది ఆవిడే. వీణ ధనమ్మాళ్ మనవరాలు, క్షేత్రయ్య పదాలు ఇంట్లోనే అబ్బినామె. 1962లో మసాచుసెట్స్‌లోని జేకబ్స్ పిల్లోలో నాట్యం చేసి, తర్వాత మనకి మూడు గంటల లోపు దూరంలో ఉన్న కనెక్టికట్ వెస్లియన్ విశ్వవిద్యాలయంలో అమెరికన్ పిల్లలకి పాఠాలు చెప్పారు. ఒక్క పంక్తినే పదే పదే తిప్పి పాడుతూ, ప్రతిసారీ కొత్త అర్థం చూపించేవారట. శృంగారాన్ని కడిగి శుభ్రం చేయాలన్నవాళ్ళతో ఆవిడకి చివరిదాకా పేచీయే. "కాబట్టి పాటని తిట్టకండి. పట్టేవాళ్ళ మీద ఉంటుంది" అన్నారు టీచర్ గారు. పూర్తిగా ఒప్పుకోలేదు నేను. పాటలో లేనిదాన్ని పన్నెండేళ్ళ పిల్ల ఎక్కడి నుంచి తెస్తుంది? కానీ ఆ పూట వాదించలేదు.

ఉగాది కార్యక్రమానికి పంక్తిని ఎలా పట్టాలో మా అమ్మాయినే తేల్చుకోమన్నారు. అది రెండు వారాలు బాత్రూము అద్దం ముందు తలుపేసుకుని తేల్చుకుంది. నాకు చూపించలేదు.

స్కూలు ఆడిటోరియంలో పులిహోర, బొబ్బట్ల వాసనల మధ్య దాని వంతు వచ్చింది. మొదటిసారి పంక్తికి నవ్వింది, అందరి పిల్లల్లాగే. రెండోసారి అదే పంక్తి వచ్చింది. నవ్వలేదు. పట్టుకున్న చేతిని రెండో చేత్తో విడిపించుకుని, ఒక అడుగు వెనక్కి వేసి, కృష్ణుడు నిలబడ్డ వైపు నేరుగా చూసింది. నట్టువాంగం ఆగేదాకా చూస్తూనే ఉంది.

కార్యక్రమం అయ్యాక ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడితే, మా బిల్డింగులో ఉండే పెద్దావిడ ఒకరు దాని బుగ్గ పుణికి, "బాగా చేశావు తల్లీ. మధ్యలో ఒక్కచోట పాపం నవ్వడం మర్చిపోయావు" అన్నారు.

"మర్చిపోలేదు బామ్మగారూ" అంది అది, బొబ్బట్టు అందుకుంటూ.